జ్ఞానోదయ యుగపు జంతు చిత్రణ: శాస్త్రానికీ కళకూ నడుమ

18వ శతాబ్దపు ఐరోపాలో జంతువు బొమ్మ పుస్తకానికి అలంకారం మాత్రమే కాదు, చాలా సందర్భాల్లో అదే సాక్ష్యం. సురినామ్ అడవిలోని గొంగళిపురుగునో, బెంగాల్ పక్షినో పారిస్‌లో కూర్చున్న పండితుడు కళ్లారా చూసే వీలు లేదు. ప్రాణంతో ఓడ ఎక్కించిన జంతువు దారిలోనే చచ్చిపోయేది. చర్మం ఒలిచి పంపితే పురుగు పట్టేది. సారాయిలో నిల్వ చేస్తే ఆకారం మిగిలినా రంగు పోయేది. ఇవన్నీ దాటి చెడకుండా చేరేది కాగితం మీది బొమ్మ ఒక్కటే. అందువల్ల ఒక జంతువు ఉందా, ఎలా ఉంది, ఏ జాతికి చెందింది అన్న ప్రశ్నలకు జవాబు తరచుగా చిత్రకారుడి చేతిలో ఉండేది. స్థూలంగా 1700 నుంచి 1800 దాకా సాగిన ఈ కాలంలో ప్రకృతి శాస్త్రజ్ఞులు, చిత్రకారులు, రాగిరేకు చెక్కేవాళ్లు, రంగులు వేసే కూలీలు కలిసి చేసిన పనినే జ్ఞానోదయ యుగపు జంతు చిత్రణ అంటున్నాం.

ఈ పనిలో మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. ఎదురుగా ఉన్న ఒక్క జంతువును, దాని కుంటికాలుతో, ఊడిన ఈకతో సహా ఉన్నదున్నట్టు గీయాలా? లేక పది జంతువులను చూసి, ఆ జాతికంతటికీ వర్తించే రూపాన్ని కల్పించి గీయాలా? నాటి వాళ్లలో చాలామంది రెండోదే సత్యమని నమ్మారు. ఎంపిక చెయ్యని చూపు వాళ్ల దృష్టిలో జ్ఞానం కాదు. ఏది ముఖ్యమో, ఏది యాదృచ్ఛికమో తేల్చాల్సింది శాస్త్రజ్ఞుడే అయినా, కాగితం మీద దాన్ని తేల్చేది చిత్రకారుడి గీత. శాస్త్రమూ కళా వేరు చెయ్యలేనంతగా కలిసిపోయింది ఇక్కడే.

డ్యూరర్ కొమ్ము

ఈ శతాబ్దం ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలియాలంటే 1515 నాటి ఒక బొమ్మ చూడాలి. గుజరాత్ సుల్తాన్ ఇచ్చిన ఖడ్గమృగం ఆ ఏడాది పోర్చుగీసు ఓడలో లిస్బన్ చేరింది. నురెంబర్గ్‌లో ఉన్న ఆల్‌బ్రెహ్ట్ డ్యూరర్ దాన్ని చూడలేదు. తనకు చేరిన వర్ణననూ ఒక చిత్తు బొమ్మనూ ఆధారం చేసుకుని చెక్క అచ్చు తయారుచేశాడు. ఒంటి మీద ఇనుప కవచం లాంటి పలకలు, కాళ్ల మీద పొలుసులు, భుజాల మీద అసలు ఉండని ఇంకో చిన్న కొమ్ము పెట్టాడు. అద్భుతమైన బొమ్మ అది. దాని శక్తి వల్లే తప్పు కూడా నిలిచిపోయింది. రెండు వందల ఏళ్లకు పైగా ఐరోపా పుస్తకాల్లో ఖడ్గమృగం అంటే భుజం మీద కొమ్మున్న జంతువే.

ఆ కొమ్మును పోగొట్టింది క్లారా అనే ఆడ ఖడ్గమృగం. తల్లి వేటగాళ్ల చేతిలో చనిపోతే, ఆ పిల్ల బెంగాల్‌లో డచ్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు సిఖ్టర్‌మన్ ఇంట్లో పెరిగింది. దౌవె మౌట్ వాన్ డెర్ మేర్ అనే ఓడ కెప్టెన్ దాన్ని కొనుక్కుని 1741లో రోటర్‌డ్యామ్‌కు తీసుకెళ్లాడు. ఆపై 1758లో లండన్‌లో చనిపోయేదాకా బెర్లిన్, వియన్నా, పారిస్, వెనిస్ వంటి నగరాల్లో డబ్బులకు ప్రదర్శించాడు. జనం ఎగబడి చూశారు. చిత్రకారులు మాత్రం కొలిచి చూశారు.

మొదటి వరుసలో నిలిచినవాడు యాన్ వాండెలార్. ఈయన లైడెన్ నగరంలో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆల్బైనస్‌కు బొమ్మలు గీసేవాడు. 1747లో వెలువడిన మానవ అస్థిపంజర, కండరాల పటాల గ్రంథంలో రెండు పటాల్లో మనిషి వెనుక క్లారా నిలబడి కనిపిస్తుంది. ఆ అస్థిపంజరాన్ని గీయడానికి ఆల్బైనస్ దారాలతో గళ్లు కట్టిన చట్రాలను చిత్రకారుడికీ ఎముకలకూ మధ్య నిలబెట్టించాడు. గడి తర్వాత గడిగా కాగితం మీదికి తీయించాడు. కొలతలో వెంట్రుకవాసి తేడా రాకూడదన్నది పట్టుదల. అంతటి నిక్కచ్చి పటంలో ఖడ్గమృగం ఎందుకని విమర్శలు వచ్చాయి. ఆల్బైనస్ వెనక్కి తగ్గలేదు. నేపథ్యంలో నీడలు ఉంటేనే ముందున్న శరీరం గుండ్రంగా, లోతుగా కనిపిస్తుందన్నది ఆయన వాదన. అరుదైన జంతువు కాబట్టి చూసేవాళ్లకు ఆనందం కూడా. ఈ జవాబులో ఆ కాలపు మనసు పూర్తిగా ఉంది. అందం వల్ల స్పష్టత పెరుగుతుందే తప్ప తగ్గదని వాళ్లు నిజంగా నమ్మారు.

1749లో క్లారా పారిస్ వచ్చినప్పుడు జాన్ బాప్టిస్ట్ ఉద్రీ దాన్ని నిలువెత్తు కొలతలో గీశాడు. 15వ లూయీ వేటకుక్కల బొమ్మలు వేసిన ఆస్థాన చిత్రకారుడాయన. 3 మీటర్ల 10 సెంటీమీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్లకు పైగా వెడల్పు ఉన్న కాన్వాస్ అది. చర్మపు మడతలు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తాయో, చెవి వెనుక ముడతలు ఎలా పడతాయో, కంటి చుట్టూ చర్మం ఎంత పలచగా ఉంటుందో అందులో తెలుస్తుంది. పొలుసులు లేవు, రెండో కొమ్ము లేదు. ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫోన్ తన ప్రకృతి చరిత్రలో ఖడ్గమృగానికి పెట్టిన పటానికి ఆధారం ఉద్రీ చిత్రమే. ఒక ఆస్థాన చిత్రకారుడి పని అలా శాస్త్ర గ్రంథంలో డ్యూరర్ కొమ్మును కొట్టేసింది. ఆ కాన్వాస్‌ను మెక్లెన్‌బుర్గ్-ష్వెరిన్ డ్యూక్ 1750లో కొన్నాడు. చాలాకాలం చుట్టగా మూలన పడి ఉండి, లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో మరమ్మతు జరిగాక 2007లో మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది.

మరియా సిబిల్లా మేరియన్, మార్క్ కేట్స్‌బీ

శతాబ్దం మొదట్లోనే ఇద్దరు చిత్రకారులు జంతువును దాని బతుకుతో కలిపి గీశారు. తర్వాతి వాళ్లు చాలామంది ఆ దారిని వదిలేశారు, అది నష్టమే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ 1699లో, యాభై రెండేళ్ల వయసులో, కూతురు డొరోతియాను వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్ వెళ్లింది. రెండేళ్ల పాటు పురుగులను పెంచి, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మార్పులన్నీ చూసి గీసింది. ఏ మొక్క ఎక్కడ దొరుకుతుందో, దేనికి వాడతారో చెప్పినవాళ్లు అక్కడి ఆదివాసులు, బానిసలు. ఆ సంగతి ఆమె తన పుస్తకంలోనే రాసింది. 1705లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో వచ్చిన ఆ గ్రంథంలో 60 పటాలున్నాయి. ఒక్కో పటంలో మొక్క, దాని ఆకులు తినే గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక అన్నీ ఒకేచోట ఉంటాయి. కాలక్రమంలో జరిగేదాన్ని ఒకే కాగితం మీద చూపించడం చిత్రకళ ఇచ్చిన సౌకర్యం. ఏ పురుగుకు ఏ మొక్క ఆహారమన్నది శాస్త్రం. ఆమె పటాల్లో ఈ రెండింటినీ విడదీయలేం.

ఆ పుస్తకం ప్రతుల్లో కొన్నింటిని ఆమె మరో పద్ధతిలో ముద్రించింది. రాగిరేకు మీద నుంచి కాగితం మీదికి తీసిన అచ్చు ఆరకముందే, దాని మీద ఇంకో కాగితం పెట్టి నొక్కేవారు. రెండో కాగితం మీద గీతలు పలచగా పడతాయి, రేకు అంచు నొక్కిన గుర్తు ఉండదు. దాని మీద రంగులు వేస్తే అచ్చు బొమ్మలా కాక చేత్తో గీసిన బొమ్మలాగే ఉంటుంది. కొనేవాళ్లు వీటికి ఎక్కువ ధర పెట్టేవారు.

ఆమె పటాల్లో ఎక్కువ మాటలు పడ్డది 18వ పటం. జామకొమ్మ మీద ఒక పెద్ద సాలెపురుగు హమ్మింగ్ బర్డ్‌ను తింటున్నట్టు అందులో ఉంది. సాలెపురుగు పిట్టను తినడమేమిటని తర్వాతి తరం వాళ్లు కొట్టిపారేశారు, ఆమె కట్టుకథలు చెప్పిందన్నారు. 1863లో అమెజాన్ యాత్రికుడు హెన్రీ బేట్స్ అలాంటి సాలెపురుగు పిట్టలను చంపడం తాను చూశానని రాశాకే ఆ నింద తొలగింది.

ఇంగ్లండ్‌కు చెందిన మార్క్ కేట్స్‌బీ ఉత్తర అమెరికాలోని కరోలినా, ఫ్లోరిడా, బహామా దీవుల జంతువుల మీద 1729 నుంచి 1747 వరకు భాగాలుగా పుస్తకం తెచ్చాడు. మొత్తం 220 పటాలు. పేరున్న చెక్కుడు పనివాళ్లకు ఇచ్చే డబ్బు లేక, తానే రాగిరేకు పని నేర్చుకుని దాదాపు అన్ని పటాలనూ స్వయంగా చెక్కాడు. పక్షిని అది గింజలు తినే చెట్టుతో కలిపి చూపించడం ఆయన పద్ధతి. ఒక పటంలో అడవిదున్న బైసన్ తన ఒంటిని చెట్టుకు రుద్దుకుంటూ ఉంటుంది. దాని పక్కనే రొబీనియా కొమ్మ జంతువంత ఎత్తున నిలబడి ఉంటుంది. కొలతల లెక్కన అది తప్పే. అయినా ఆకు ఆకారమూ కనబడాలి, దున్న ఆకారమూ కనబడాలి, రెండూ ఒకే కాగితంలో పట్టాలి. కేట్స్‌బీ తెలిసే అలా చేశాడు. ఇప్పుడు చూసినా ఆ పటంలో ఒక విచిత్రమైన ధైర్యం కనిపిస్తుంది.

లిన్నేయస్ మాట, బుఫోన్ పటం

బొమ్మ అవసరమా అన్న వాదన కూడా ఈ కాలంలో గట్టిగానే నడిచింది. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ మొక్కల ప్రజాతులను నిర్ణయించడానికి బొమ్మలు పనికిరావన్నాడు. ఎన్ని కేసరాలున్నాయి, ఎన్ని దళాలున్నాయి అన్నది సంఖ్యలో, మాటలో చెప్పగలిగితేనే వర్గీకరణ గట్టిగా నిలబడుతుందని ఆయన నమ్మకం. బొమ్మ ఒక్క మొక్కను చూపుతుంది, లక్షణం జాతి మొత్తానికి వర్తిస్తుంది. తర్కంగా చూస్తే దీనికి ఎదురు చెప్పడం కష్టం. కానీ ఆచరణలో లిన్నేయస్ కూడా బొమ్మల మీద ఆధారపడ్డాడు. 1758లో వచ్చిన ఆయన ‘సిస్టమా నాచురే’ పదో కూర్పులో ఎన్నో అమెరికా పక్షుల పేర్లకు ఆధారం కేట్స్‌బీ పటాలే. ఆసియా పక్షుల్లో కొన్నింటికి చిత్రకారుడు జార్జ్ ఎడ్వర్డ్స్ పటాలు ఆధారం. లిన్నేయస్ ఆ పక్షులను చూడలేదు, పటాలను చూశాడు.

దొరికిన నమూనా ఎలా ఉంటే శాస్త్రం అలా ఉండేది. న్యూగినీ నుంచి వచ్చే బర్డ్ ఆఫ్ పారడైజ్ చర్మాలను అక్కడివాళ్లు కాళ్లు తీసేసి అమ్మేవారు. పాత బొమ్మల్లో ఆ పక్షికి కాళ్లే ఉండవు, ఎప్పుడూ ఆకాశంలోనే తేలుతుందని కథలు పుట్టాయి. 1758లో లిన్నేయస్ దానికి పెట్టిన శాస్త్రీయ నామంలోనూ ‘కాళ్లు లేనిది’ అన్న మాటే ఉంది.

పారిస్‌లో రాజోద్యానానికి అధిపతి అయిన కౌంట్ బుఫోన్ దారి వేరు. జంతువును తెలుసుకోవడమంటే దాని నడక, తిండి, కోపం, పిల్లలను సాకడం అన్నీ తెలుసుకోవడమే అని ఆయన భావించాడు. 1749లో మొదలైన ఆయన ‘ప్రకృతి చరిత్ర’ ఆయన జీవితకాలంలో 35 సంపుటాల దాకా పెరిగింది. నాలుగుకాళ్ల జంతువులకు ప్రధానంగా జాక్ ద సెవ్ బొమ్మలు గీశాడు, లోపలి అవయవాల వర్ణన డోబాంటోన్ రాశాడు. ఆ పటాల్లో సింహమో నక్కో ఒక చిన్న దృశ్యంలో నిలబడి ఉంటుంది. వెనుక కొండలు, కూలిన రోమన్ గోడలు, మంటపాలు ఉంటాయి. అస్థిపంజరాలను సైతం శిల్పాల్లా పీఠాల మీద నిలబెట్టి గీశాడు. ఇప్పటి కళ్లకు ఇది అనవసరపు హంగులా తోస్తుంది. నాటి పాఠకుడికి మాత్రం జంతువు కూడా చరిత్ర చిత్రంలోని వీరుడిలా గౌరవించదగినదే అని ఆ దృశ్యం చెప్పింది.

పక్షుల దగ్గరికి వచ్చేసరికి బుఫోన్‌కు వేరే అవసరం వచ్చింది. పక్షి రంగును మాటల్లో రాస్తే పేజీలు నిండుతాయి తప్ప పక్షి కనిపించదు. అందుకని 1765 నుంచి, అదే ఇంటిపేరున్న మరొకరు, ఎద్మే-లూయీ డోబాంటోన్ పర్యవేక్షణలో, ఫ్రాన్స్వా-నికొలా మార్తినే చెక్కగా, రంగుల పటాలు విడిగా వెలువడ్డాయి. మొత్తం 1008 పటాలు, వాటిలో 973 పక్షులవి. ఇవి వచ్చేటప్పుడు వివరణ లేదు, లాటిన్ పేర్లు లేవు. 1783లో నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ బోడార్ట్ ఆ పటాలను ముందు పెట్టుకుని లిన్నేయస్ పద్ధతిలో రెండు మాటల పేర్లు ఇచ్చాడు. పక్షిశాస్త్రంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న ఎన్నో పేర్లు అలా పుట్టినవే.

రాగిరేకు మీద పని

చిత్రకారుడు గీసినది పాఠకుడికి చేరేలోపు చాలా చేతులు మారేది. ముందు నీటిరంగుల బొమ్మను పలుచని కాగితంతో నకలు తీసి, మెరుగు పెట్టిన రాగిరేకు మీదికి ఎక్కించేవారు. చెక్కేవాడు ఉక్కు ఉలితో గీతలు తవ్వేవాడు. లేదంటే రేకు మీద మైనపు పూత వేసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోట లోహం తినుకుపోయేది. ఆ గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం వేసి రోలర్ల మధ్య నొక్కేవారు. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి రేకు మీద తిరగేసి చెక్కాలి. ఆ మాట మరిచిపోతే ఎడమకు చుట్టుకునే నత్త గుల్ల కుడికి చుట్టుకున్నట్టు పడుతుంది, శాస్త్రం మారిపోతుంది.

బొచ్చు, ఈక, పొలుసు, చర్మం అన్నీ గీతలుగానే మారాలి. జిగటగా మెరిసే కప్ప ఒంటిని, ఎండిన తాబేలు డిప్పను ఒకే సిరాతో వేరుగా చూపించడానికి చెక్కేవాళ్లు గీతల ఎడాన్ని, లోతును, వంపును మార్చేవారు. జంతువును చూడని పనివాడు తనకు అలవాటైన గీతల్లోనే దాన్ని చెక్కేవాడు. అడవిపిల్లికి పెంపుడు పిల్లి ముఖం వచ్చింది ఇలాగే.

రంగు చివర్లో, చేత్తో వేసేవారు. నమూనాగా ఒక ప్రతికి చిత్రకారుడో ప్రచురణకర్తో రంగులు వేసి ఇస్తే, దాన్ని చూసి మిగతా వందల ప్రతులకు పనివాళ్లు రంగులు నింపేవారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. నమూనా ఎంత ఖచ్చితంగా ఉన్నా ఒక ప్రతిలో పిట్ట రొమ్ము నారింజ, ఇంకో ప్రతిలో ఇటుక రంగు అయ్యేది. ప్రతిని బట్టి జాతి వేరని పొరబడే ప్రమాదం నిజంగానే ఉండేది. బెర్లిన్ వైద్యుడు మార్కుస్ ఎలియేజర్ బ్లోఖ్ 1782–1795 మధ్య 432 పటాలతో తెచ్చిన చేపల గ్రంథంలో, పొలుసుల మెరుపు కోసం వెండి పూత కూడా వాడించాడు. ఆ చేపల్లో కొన్ని తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి, అక్కడి మిషనరీ క్రిస్టొఫ్ సామ్యూల్ జాన్ పంపినవి. నీళ్లలో నుంచి తీసిన గంటలోనే చేప రంగు వెలిసిపోతుంది. సీసాలో సముద్రం దాటి వచ్చిన చేపకు వేసే రంగు జ్ఞాపకమూ ఊహా కలిసినదే.

జార్జ్ స్టబ్స్

ఈ యుగంలో శాస్త్రం, కళ ఒకే మనిషిలో కలిసిన చోటు చూపించమంటే చాలామంది జార్జ్ స్టబ్స్ పేరే చెబుతారు, అది న్యాయమే. 1724లో లివర్‌పూల్‌లో తోలు పనివాడి కొడుకుగా పుట్టాడు. 1756లో లింకన్‌షైర్‌లోని హోర్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, తోడుగా ఉన్న మేరీ స్పెన్సర్ సాయంతో ఏడాదిన్నర పాటు గుర్రాలను కోసి చూశాడు. గుర్రాన్ని చంపాక రక్తనాళాల్లోకి కరిగిన కొవ్వు ఎక్కించేవాడు. ఆపై పైకప్పు నుంచి వేలాడే ఇనుప కడ్డీకి కొక్కేలతో బిగించి, నడుస్తున్నట్టు కాళ్లు పలక మీద ఆనేలా నిలబెట్టేవాడు. ముందు చర్మం తీసి గీసేవాడు. తర్వాత పైపొర కండరం, దాని కింది పొర, అలా ఎముక దాకా వెళ్లేవాడు. ఒక కళేబరంతో పదకొండు వారాలు పని చేశాడంటే ఆ గదిలో గాలి ఎలా ఉండేదో ఊహించవచ్చు.

ఆ బొమ్మలను చెక్కడానికి లండన్‌లో పనివాళ్లెవరూ ముందుకు రాలేదు. పగలు డబ్బులొచ్చే చిత్రాలు గీస్తూ, మిగిలిన వేళల్లో తానే రాగిరేకులు చెక్కి, 1766లో ‘గుర్రపు శరీర నిర్మాణం’ ప్రచురించాడు. డచ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పేట్రుస్ కాంపర్ వంటివాళ్లు దాన్ని మెచ్చుకున్నారు. ఆ పటాల్లోని గుర్రం కోసిన శవంలా ఉండదు. చర్మం లేని ఒంటితో ప్రశాంతంగా నడుస్తూ ఉంటుంది. మొదటి చూపుకు అది వింతగా ఉన్నా, కదలికలో ఏ కండరం బిగుస్తుందో చూపించడానికి అంతకన్నా మంచి మార్గం లేదు.

లండన్ వైద్యుడు విలియం హంటర్ స్టబ్స్‌ను శాస్త్ర సాధనంగానే వాడుకున్నాడు. 1769లో రాణి షార్లెట్‌కు చెందిన మనుబోతు బొమ్మ గీయించి, 1771లో రాయల్ సొసైటీ పత్రికలో ఆ జంతువు మీద వ్యాసం రాశాడు. మాటల వర్ణన కంటే మంచి చిత్రం ఎక్కువ చెబుతుందని అందులో ఒప్పుకున్నాడు కూడా. 1770లో కెనడా నుంచి వచ్చిన మూస్ బొమ్మ గీయించాడు. ఐర్లండ్ బురదనేలల్లో దొరికే పెద్ద దుప్పికొమ్ములు ఈ జంతువువేనా, లేక ఆ దుప్పి భూమి మీద లేకుండా పోయిందా అన్నది హంటర్ ప్రశ్న. 1773లో ఇంకో మూస్ వచ్చినప్పుడు స్టబ్స్ చిత్రాన్ని దాని పక్కకు మోసుకెళ్లి పోల్చి చూశాడు. జాతులు అంతరించిపోతాయన్న ఆలోచనే ఇంకా స్థిరపడని రోజుల్లో ఒక నూనెరంగుల చిత్రం ఆ వాదంలో ఆధారంగా నిలిచింది.

మద్రాసుతోనూ స్టబ్స్‌కు ఒక ముడి ఉంది. మద్రాసు గవర్నరుగా చేసిన జార్జ్ పిగట్ మూడో జార్జ్ రాజుకు ఒక చీతాను కానుకగా ఇచ్చాడు. 1764లో విండ్సర్ దగ్గర దుప్పి మీదికి దాన్ని వదిలితే, దుప్పి కొమ్ములతో ఎదురు తిరిగి తరిమేసింది. స్టబ్స్ ఆ చీతాను ఇద్దరు భారతీయ సంరక్షకులతో కలిపి గీశాడు. ఇద్దరి ముఖాలూ వాళ్లవిగానే, శ్రద్ధగా గీసినవి.

ఆయనా ప్రతిసారీ జంతువును చూడలేదు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ నావికుడు జేమ్స్ కుక్ యాత్ర నుంచి తెచ్చిన కంగారూ చర్మాన్ని ఉబ్బించి, దాన్ని చూసి 1772లో బొమ్మ వేశాడు. ఐరోపా జనం మొదట చూసిన కంగారూ అదే, దశాబ్దాల పాటు పుస్తకాల్లో దాన్నే నకలు చేశారు.

కలకత్తా, విశాఖపట్నం

ఈ చరిత్రను లండన్, పారిస్‌లకే పరిమితం చేస్తే సగమే చెప్పినట్టు. 1777 నుంచి కొన్నేళ్ల పాటు కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ భార్య మేరీ ఇంపీ తన తోటలో పక్షులను, జంతువులను పెంచింది. వాటి బొమ్మలు గీయడానికి పాట్నా నుంచి షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ అనే ముగ్గురిని పిలిపించింది. 300కు పైగా బొమ్మలు తయారయ్యాయి, వాటిలో 197 పక్షులవి. ఇంగ్లండ్ నుంచి దిగుమతి చేసిన వాట్‌మన్ కాగితం మీద, మొఘల్ కార్ఖానాల్లో నేర్చిన సన్నని కుంచె పనితో గీసినవి. జైనుద్దీన్ గీసిన పక్షి ఈకలో ప్రతి పోగూ విడిగా కనిపిస్తుంది, అయినా పక్షి బిగుసుకుపోయినట్టు ఉండదు. ఐరోపా పటాల్లో తరచూ కనిపించే గడ్డి కూరిన చర్మపు కళ్లు ఇందులో లేవు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది బతికి ఉన్న పక్షి. లండన్‌లో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ లేథమ్ ఈ బొమ్మలను తన వర్ణనలకు వాడుకున్నాడు. హిమాలయ మోనల్ నెమలికోడి శాస్త్రీయ నామంలో ఇంపీ పేరుంది. పాట్నా చిత్రకారుల పేర్లు మాత్రం చాలాకాలం చిత్రాల మూలల్లోని సంతకాలకే పరిమితమయ్యాయి. 2019లో లండన్ వాలెస్ కలెక్షన్ ప్రదర్శన పెట్టాకే విస్తృత ప్రేక్షకులకు తెలిశాయి.

ఉత్తర సర్కారుల్లో ఈ పని చేసినవాడు పాట్రిక్ రస్సెల్. సిరియాలోని అలెప్పోలో వైద్యుడిగా పనిచేసి, 1781లో తమ్ముడు క్లాడ్‌తో పాటు భారతదేశానికి వచ్చి విశాఖపట్నంలో ఉన్నాడు. ఆంధ్రతీరంలో మొక్కలు సేకరించిన యోహాన్ కోనిగ్ 1785లో చనిపోయాక, అదే ఏడాది ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడి పదవి రస్సెల్‌కు వచ్చింది. పాముకాటుతో జనం చనిపోవడం చూసి, ఏ పాము విషపుదో ఏది కాదో బొమ్మతో తేల్చి చెప్పాలనుకున్నాడు. వైద్యుడికీ సిపాయికీ అప్పటికప్పుడు పనికొచ్చేది పటమే. 1796లో కంపెనీ ఖర్చుతో లండన్‌లో వెలువడిన ‘కోరమాండల్ తీరపు పాముల’ గ్రంథంలో 46 పటాలున్నాయి. తల పైభాగపు పొలుసుల అమరిక, పొట్ట కింది అడ్డ పలకల లెక్క, తోక కింది పొలుసుల లెక్క అన్నీ విడివిడిగా ఇచ్చాడు. ఇందులో అందం కోసం చేసినది తక్కువ. అయినా చుట్టలు తిరిగిన పాము ఒంటి మీద మచ్చలు వంపుతో పాటు ఎలా కుదించుకుపోతాయో చూపించిన తీరులో నేర్పు ఉంది.

రస్సెల్ పాములకు స్థానికులు పిలిచే పేర్లే పెట్టాడు. చింత నాగు, పెద్ద పొడ, కాటుక రేకుల పొడ, బంగారు పాము అన్నవి రోమన్ లిపిలో అలాగే అచ్చయ్యాయి. కాటుక రేకుల పొడ, అంటే మన రక్తపింజరి, 1797లో ఆయన పేరుతోనే శాస్త్రంలోకి వెళ్లింది. కట్లపాముల ప్రజాతికి శాస్త్రంలో వాడే ‘బంగారస్’ అన్న పేరు ఆ బంగారు పాము నుంచి వచ్చినదే. జర్మనీకి చెందిన ష్నైడర్ 1801లో ఆ పాముకు శాస్త్రీయ నామం ఇచ్చింది రస్సెల్ పటాన్ని చూసి.

1803లో వచ్చిన ‘విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలు’ రెండు సంపుటాలు. వీటికి మూలమైన బొమ్మలు ఇక్కడి స్థానిక చిత్రకారుడు గీసినవి. పుస్తకం మీద రస్సెల్ పేరుంది, ఆ చిత్రకారుడి పేరు లేదు. రంగుల్లేని పటాలవి. రెక్కముళ్లు ఎన్ని, పక్కగీత ఎక్కడ వంగింది, మొప్పమూత అంచు నునుపా, రంపపు పళ్లా అన్నది తెలుస్తుంది. రంగు లేకపోవడమే మేలైంది. చచ్చిన చేపకు ఊహతో వేసే రంగు కంటే ముళ్ల లెక్క నమ్మదగినది. సొర, పార వంటి రేవులో వినిపించే పేర్లతోనే చేపలు వరుసగా ఉంటాయి. పేరు చెప్పినవాళ్లు జాలరులే అయి ఉండాలి. పారిస్‌లో జార్జ్ క్యూవియే, వాలెన్సియెన్ తమ మహాగ్రంథం ‘చేపల ప్రకృతి చరిత్ర’లో రస్సెల్ పటాలను అడుగడుగునా ఉదహరించారు.

చెక్క అచ్చు, ఆ తర్వాత

రాగిరేకు పుస్తకాలు ధనవంతులకే. న్యూకాసిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్ దీన్ని మార్చాడు. గట్టి బాక్స్‌వుడ్ మానును అడ్డంగా కోసిన ముక్క మీద, రాగి చెక్కే ఉలితోనే తెల్లని గీతలు తీశాడు. చెక్క అచ్చు అక్షరాలతో పాటు ఒకే యంత్రంలో పడుతుంది కాబట్టి ఖర్చు తగ్గింది. 1790లో నాలుగుకాళ్ల జంతువుల పుస్తకం, 1797, 1804లో బ్రిటిష్ పక్షుల సంపుటాలు వచ్చాయి. తాను పుట్టి పెరిగిన ఊరి పిట్టలను గీసినప్పుడు ఆయన బొమ్మల్లో ప్రాణం ఉంది, విదేశీ జంతువుల దగ్గర లేదు.

పారిస్‌లో విప్లవం తర్వాత 1793లో రాజోద్యానం జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంగా మారింది. అక్కడి జంతుశాలలోని ప్రాణులను నికొలా మారెషాల్ దూడతోలు కాగితం మీద గీశాడు. శతాబ్దం చివర జర్మనీలో పుట్టిన రాతి అచ్చు ముద్రణతో చిత్రకారుడి గీత, చెక్కేవాడి మధ్యవర్తిత్వం లేకుండా, నేరుగా పుస్తకంలోకి వెళ్లే వీలు వచ్చింది.

జంతు నామకరణానికి ఇప్పుడున్న అంతర్జాతీయ నియమావళి ప్రకారం, బొమ్మను ఆధారం చేసుకుని పెట్టిన పేరుకు ప్రమాణం బొమ్మ కాదు, బొమ్మలో ఉన్న జంతువు. ఆ జంతువు మిగలకపోతే పరిశోధకులు మళ్లీ బొమ్మ దగ్గరికే రావాలి. కుక్ రెండో యాత్రలో చిత్రకారుడు జార్జ్ ఫోర్స్టర్ 1774లో పసిఫిక్‌లోని రయాటియా దీవిలో ఒక గోధుమరంగు పిట్టను గీశాడు. ఆ జాతి అంతరించింది, తెచ్చిన చర్మం కూడా పోయింది. లేథమ్ రాసిన వర్ణనను బట్టి ప్రకృతి శాస్త్రజ్ఞుడు గ్మెలిన్ 1789లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. అది గోరువంక కుటుంబానిదా, పాటపిట్టల కుటుంబానిదా అన్న చర్చ జరిగినప్పుడల్లా పక్షిశాస్త్రజ్ఞులు లేథమ్ వాక్యాలనూ, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న ఫోర్స్టర్ బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే.